గెయిన్ మూడుకి ఒక్క పిసరు ఎక్కువ

మే నెల తిరుపతి ఎండ గురించి ఇక్కడివాళ్ళకి కొత్తగా చెప్పేదేం లేదు. నేను ఆంప్లిఫయర్లు రిపేరు చేసుకునే గదికి పైన సిమెంటు రేకులు. పొద్దున ఇరవై ఎనిమిది డిగ్రీలతో మొదలై మధ్యాహ్నం రెండుకల్లా లోపల నలభై రెండుకి చేరుతుంది. సరిగ్గా ఆ టైంలో మా వీధి కుర్రాడు, ఇంజనీరింగ్ మూడో సంవత్సరం, బ్రెడ్‌బోర్డు పట్టుకొని వచ్చాడు. వీన్ బ్రిడ్జి ఆసిలేటర్ కట్టాడు, అంటే తనంతట తానే సైన్ వేవ్ (నున్నటి అల) పుట్టించే సర్క్యూట్. ఒక టీఎల్072 (ఆప్-ఆంప్ ఐసీ, అంటే సిగ్నల్‌ని పెంచే చిప్పు), నాలుగైదు రెసిస్టర్లు, రెండు కెపాసిటర్లు, రెండు డయోడ్లు, అంతే.

"అన్నా, పొద్దున అల ఎత్తు 3.3 వోల్టులు ఉండె. ఇప్పుడు 3.1 చూపిస్తా ఉండాది. ఐసీ ఏమన్నా పోయిందా?"

ఐసీకి ఏమీ కాలేదు. వాడు ఆసిలేటర్ కట్టాననుకున్నాడు గానీ, కట్టింది సగం థర్మామీటరు. అదెలాగో చెప్పాలంటే సైన్ వేవ్ ఆసిలేటర్‌లో అసలు గొడవ ఎక్కడుందో మొదట తేల్చుకోవాలి. కాలేజీలో అందరం నేర్చుకునేది ఫ్రీక్వెన్సీ ఫార్ములా. ఒకటిని రెండు పై ఆర్ సీతో భాగించు, 10 కె (పది వేల ఓమ్) రెసిస్టరు, 15 నానోఫారడ్ కెపాసిటర్ వేస్తే 1,060 హెర్ట్జ్ వస్తుంది, రికార్డులో రాసి సంతకం పెట్టించుకుంటాం. ఫ్రీక్వెన్సీ నిజానికి సులువైన భాగం. వేవ్ ఎత్తు ఎంత ఉండాలో ఎవరు నిర్ణయిస్తారు అన్నది కష్టమైన ప్రశ్న. దానికి ఆ ఫార్ములాలో జవాబు లేదు, ఎక్కడ వెతికినా దొరకదు.

వీన్ బ్రిడ్జి సంగతి చూడండి. ఒక ఆర్ సీ జత సీరీస్‌లో, ఇంకో జత పారలల్‌లో. ఒకే ఒక్క ఫ్రీక్వెన్సీ దగ్గర ఈ నెట్‌వర్క్ ఫేజ్ మార్చకుండా, అంటే అలని ముందుకీ వెనక్కీ జరపకుండా, సిగ్నల్‌ని మూడో వంతుకి తగ్గించి వెనక్కి పంపిస్తుంది. కాబట్టి ఆంప్లిఫయర్ గెయిన్ (సిగ్నల్‌ని ఎన్ని రెట్లు పెంచుతుందో ఆ సంఖ్య) మూడు ఉంటే లెక్క సరిపోయింది, ఆసిలేషన్ నిలబడడానికి కావలసిన బార్క్‌హౌజెన్ షరతు తీరింది అంటాం. తీరింది సరే, మూడు అంటే ఎంత మూడు? 2.99 అయితే ఆసిలేషన్ నెమ్మదిగా ఆరిపోతుంది. 3.01 అయితే పెరుగుతూ పోతుంది, పెరగడం కూడా వడ్డీ మీద వడ్డీలా. వెయ్యి హెర్ట్జ్ దగ్గర గెయిన్ 3.1 పెడితే సుమారు మూడు మిల్లీసెకన్లకోసారి ఎత్తు 2.7 రెట్లు అవుతుంది. 1 మిల్లీవోల్ట్ దగ్గర మొదలైన అల 1 వోల్ట్‌కి చేరడానికి ఇరవై రెండు మిల్లీసెకన్లు చాలు. అదే 3.01 అయితే దానికి పది రెట్లు, రెండు వందల ఇరవై. సరిగ్గా 3.000 పెట్టాననుకోండి, అప్పుడు అల పెరగదు, తగ్గదు, ఎంతలో ఉంటే అంతలోనే ఉంటుంది. అంటే ఎత్తు ఎంతన్నది సర్క్యూట్ చేతిలో లేదు, పవర్ ఆన్ చేసినప్పుడు ఏం జరిగిందో దాని చేతిలో ఉంది. పైగా ఒక శాతం రెసిస్టర్లతో 3.000 అనేది కాగితం మీద తప్ప బల్ల మీద ఉండదు.

సిమ్యులేషన్‌లో ఇది ఇంకా తమాషాగా కనిపిస్తుంది. ఎల్‌టీస్పైస్ అనే సాఫ్ట్‌వేర్‌లో ఆదర్శ ఆప్-ఆంప్ పెట్టి రన్ చేస్తే నున్నటి గీత వస్తుంది, ఎంతసేపు చూసినా ఆసిలేషన్ రాదు. పిల్లలు "సార్, రాంగ్ వస్తోంది" అంటారు. రాంగ్ కాదు. అక్కడ నాయిస్ లేదు, సున్నా దగ్గర మొదలైంది, సున్నాని ఎన్నిసార్లు మూడుతో హెచ్చించినా సున్నాయే. కెపాసిటర్ మీద ఒక మిల్లీవోల్ట్ ఇనీషియల్ కండిషన్ ఇవ్వండి, లేచి కూర్చుంటుంది. బయట ప్రపంచంలో ఆ పని రెసిస్టర్ల నాయిస్, స్విచ్ వేసినప్పటి కుదుపు చేసిపెడతాయి.

కాబట్టి ఇలాంటి ప్రతి ఆసిలేటర్‌లోనూ ఇది తప్పదు: మొదలుపెట్టడానికి గెయిన్ మూడుకి కొంచెం ఎక్కువ ఉండాలి, కావలసిన ఎత్తుకి వచ్చాక సరిగ్గా మూడుకి దిగాలి. అంటే గెయిన్ అనేది ఎత్తుని బట్టి మారాలి. ఎత్తుని బట్టి మారే గెయిన్‌నే మనం నాన్‌లీనియారిటీ అంటాం, నాన్‌లీనియారిటీ అంటే డిస్టార్షన్, అల ఆకారం వంకరపోవడం. చిక్కు మొత్తం ఈ ముడిలోనే ఉంది. సైన్ వేవ్‌ని నిలబెట్టేది ఏదో, దాన్ని వంకర చేసేది కూడా అదే. పూర్తిగా లీనియర్ అయిన ఆసిలేటర్ లేదు, ఉండదు కూడా. వాన్ డర్ పోల్ అనే డచ్చి శాస్త్రవేత్త 1920లలో వాల్వు సర్క్యూట్ల మీద పనిచేస్తూ ఈ సంగతిని సమీకరణంలో పెట్టాడు. ఆ నాన్‌లీనియారిటీ కొంచెమే ఉంటే దాదాపు సైన్, ఎక్కువైతే మూలలు తేలిన వేవ్.

మరి తప్పించుకునే దారి ఏది? నాన్‌లీనియారిటీని తీసేయలేం, కానీ నెమ్మది చేయగలం. ఇదొక్కటి పట్టుకుంటే మిగతాదంతా దీని వెనకాలే వస్తుంది.

ఊంజల్ సేవ చూసినవాళ్ళకి ఒక మాట. ఊయలని ఊపే అయ్యవారు ప్రతి ఊపుకీ చివర్లో చెయ్యి అడ్డం పెట్టి ఆపరు. నాలుగైదు ఊపులు చూసుకొని, ఎక్కువైందనిపిస్తే తర్వాతి ఊపులో తోపు తగ్గిస్తారు, తగ్గిందనిపిస్తే కాస్త పెంచుతారు. ఊయల నున్నగా ఊగుతూనే ఉంటుంది, ఎత్తు మాత్రం హద్దులో ఉంటుంది. అదే ఊయల వెనక గోడ ఉందనుకోండి, హద్దు గోడ కూడా పెడుతుంది, కానీ ప్రతి ఊపులో ఢీ కొట్టి. ఆసిలేటర్లలో ఈ రెండు రకాలూ ఉన్నాయి, మధ్యలో ఉన్నవీ ఉన్నాయి.

గోడ రకం

ఏ కంట్రోలూ పెట్టకపోతే గోడ సప్లై వోల్టేజే. అల పెరిగి పెరిగి ప్లస్ మైనస్ 12కి దగ్గరగా వెళ్ళి తల తెగుతుంది. దీని గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు, స్కోప్‌లో (అలని తెర మీద చూపించే పరికరంలో) చూస్తేనే తెలుస్తుంది. గెయిన్ 3.01 దగ్గర ట్రిమ్‌పాట్‌తో (స్క్రూతో తిప్పి విలువ మార్చే చిన్న రెసిస్టరుతో) జాగ్రత్తగా పెడితే తల చాలా కొంచెమే తెగుతుంది, చూడ్డానికి బాగానే ఉంటుంది. రేపు పొద్దున మళ్ళీ ఆన్ చేస్తే ఉంటుందో లేదో మాత్రం దేవుడికే తెలియాలి.

మెత్తని గోడ రకం, మనవాడు కట్టింది

ఇందులో ఫీడ్‌బ్యాక్ రెసిస్టరుని రెండు ముక్కలు చేసి, ఒక ముక్క మీద రెండు 1ఎన్4148 డయోడ్లని ఎదురుబొదురుగా పెడతారు. కుర్రాడి సర్క్యూట్‌లో కింద 10 కె, పైన 15 కె, దాని పక్కన ఇంకో 10 కె మీద డయోడ్లు. డయోడ్లు నిద్రపోతున్నప్పుడు గెయిన్ ఒకటి ప్లస్ 25 బై 10, అంటే 3.5. పూర్తిగా తెరుచుకుంటే 2.5. అల చిన్నగా ఉన్నప్పుడు 3.5తో ఎగబాకుతుంది, పెద్దదయ్యేకొద్దీ పీకుల దగ్గర డయోడ్లు తెరుచుకొని గెయిన్‌ని కిందికి లాగుతాయి, సగటున మూడు దగ్గర స్థిరపడుతుంది.

ఎత్తు ఎంత వస్తుందో ఇప్పుడు లెక్క కట్టొచ్చు. గెయిన్ మూడు కావాలంటే పైన మొత్తం 20 కె ఉండాలి, అందులో 15 స్థిరం, కాబట్టి డయోడ్లున్న ముక్క సగటున 5 కె లాగా ప్రవర్తించాలి. ఔట్‌పుట్ వోల్టేజ్ మొత్తం 30 కె మీద పడుతుంది, అందులో 5 కె వాటా ఆరో వంతు. ఈ కొద్ది కరెంట్‌లో డయోడ్ మీద నిలిచేది సుమారు అర వోల్ట్, దానికి ఆరు రెట్లు, మూడు వోల్టుల పైచిలుకు. కుర్రాడు కొలిచిన ఎత్తు 3.3.

మధ్యాహ్నం 3.1 ఎందుకైందో కూడా ఇక్కడే తేలిపోతుంది. సిలికాన్ డయోడ్ డ్రాప్ డిగ్రీకి సుమారు 2 మిల్లీవోల్టులు తగ్గుతుంది. పద్నాలుగు డిగ్రీలకి ఇరవై ఎనిమిది మిల్లీవోల్టులు, అర వోల్టులో ఐదున్నర శాతం. 3.3లో ఐదున్నర శాతం తీసేయండి. లెక్క చెప్పగానే వాడి మొహం చూడాలి, ఐసీ కొనే డబ్బులు మిగిలాయన్న సంతోషం ఒకటి, రేకుల వేడి మిల్లీవోల్టుల్లో కనపడిందన్న ఆశ్చర్యం ఒకటి.

డిస్టార్షన్ సంగతేంటి? డయోడ్లు ప్రతి అర సైకిల్‌లోనూ, ప్రతి పీకు దగ్గరా పనిచేస్తున్నాయి. అల జరుగుతుండగానే దాని ఆకారాన్ని నొక్కుతున్నాయి. రెండువైపులా సమానంగా నొక్కుతాయి కాబట్టి రెండో హార్మోనిక్ (అసలు ఫ్రీక్వెన్సీకి రెండు రెట్ల దగ్గర ఉండే అల) పెద్దగా రాదు, మూడోది వస్తుంది. ఈ విలువలతో రెండు మూడు శాతం ఉండొచ్చు. తగ్గించాలంటే డయోడ్ల వాటా తగ్గించాలి: 18 కె స్థిరంగా, 4.7 కె మీద డయోడ్లు. అప్పుడు డయోడ్ ముక్క వాటా 2 కె, పదిహేనో వంతు. వంకర కూడా ఆ మేరకు చిన్నదై ఒక శాతం ప్రాంతానికి వస్తుంది. కానీ ఎత్తు డయోడ్ డ్రాప్‌కి పదిహేను రెట్లు, అంటే ఎనిమిది వోల్టులు. రెండు తొమ్మిది వోల్టుల బ్యాటరీలతో నడిపిస్తుంటే అంత దూరం వెళ్ళక ముందే సప్లై గోడ తగులుతుంది. మెత్తని గోడ తప్పించుకొని గట్టి గోడకి తల కొట్టుకున్నట్టు. ప్లస్ మైనస్ 12 అయితే ఫర్వాలేదు.

ఇంకా తగ్గిద్దామని 4.7 కె తీసి 2.2 కె వేస్తే? గెయిన్ 3.02. డయోడ్లు ఏదో నామమాత్రంగా తెరుచుకుంటాయి, వేవ్ అద్దంలా ఉంటుంది. కానీ కింద ఉన్న 10 కె నిజానికి 10.1 కె అయిందనుకోండి, ఒక శాతం తేడా అంతే, లెక్క చేయండి: 20.2 బై 10.1, సరిగ్గా రెండు, గెయిన్ సరిగ్గా మూడు. ఆసిలేటర్ మొదలవ్వదు. మిగిలిన కాస్త గెయిన్ ఒక్క రెసిస్టరు టాలరెన్సులో మాయమైపోయింది.

కొందరు పుస్తకాల్లో చదివి "వీన్ నెట్‌వర్క్ ఎలాగూ ఫిల్టరే కదా, హార్మోనిక్స్‌ని తినేస్తుంది" అంటారు. తినదు. దాని క్యూ, అంటే ఒక్క ఫ్రీక్వెన్సీని ఎంత పదునుగా ఏరుతుందో ఆ కొలత, మూడో వంతు మాత్రమే. మూడో హార్మోనిక్‌ని ఆ నెట్‌వర్క్ తగ్గించేది మొత్తం కలిపి పాతిక శాతం. పైగా అది పాజిటివ్ ఫీడ్‌బ్యాక్ దారిలో ఉంది కాబట్టి ఆంప్లిఫయర్‌లో పుట్టిన వంకర ఒక చుట్టు తిరిగి పెద్దదై వస్తుంది: రెండో హార్మోనిక్ రెండు రెట్ల పైన, మూడోది ఒకటిన్నర రెట్లు. నాకు ఈ లెక్క మొదటిసారి చేసినప్పుడు నమ్మబుద్ధి కాలేదు, మళ్ళీ చేశాను, అదే వచ్చింది. రేడియో ఫ్రీక్వెన్సీ వాళ్ళకి ఈ బాధ లేదు. కాయిల్, కెపాసిటర్ ట్యాంక్‌కి క్యూ వంద దాకా ఉంటుంది, ట్రాన్సిస్టర్ కరెంట్ ఎంత ముక్కలుగా వచ్చినా ట్యాంక్ దాన్ని నునుపు చేసి ఇస్తుంది. మన పక్కనే గాదంకిలో 1,024 యాగీ యాంటెన్నాలతో 53 మెగాహెర్ట్జ్ రాడార్ ఉంది, అలాంటి చోట్ల చింత ఫేజ్ నాయిస్ (అల టైమింగులో వణుకు) గురించి. ఆడియోలో మనకి అంత మంచి కాయిల్ దొరకదు, చేతిలో ఉన్నది ఆర్ సీ, కాబట్టి వంకర పుట్టాక శుభ్రం చేయడం కంటే పుట్టకుండా చూసుకోవడమే మేలు.

బల్బు

ఇక్కడ 1939లో విలియం హ్యూలెట్ చేసిన పని గుర్తు చేసుకోవాలి. స్టాన్‌ఫర్డ్‌లో చదువుకుంటూ వీన్ బ్రిడ్జి ఆసిలేటర్‌లో ఒక చిన్న ఫిలమెంట్ బల్బు పెట్టాడు. అదే హ్యూలెట్ ప్యాకర్డ్ కంపెనీ మొదటి సరుకు, 200ఏ. దాని తర్వాతి మోడల్ 200బీలు ఎనిమిదిటిని డిస్నీ స్టూడియో కొనుక్కుంది. బ్రిడ్జిలో బల్బు పెట్టడం అంతకుముందే, 1938లో బెల్ ల్యాబ్స్‌లో మీచమ్ క్రిస్టల్ ఆసిలేటర్‌లో చేశాడు. హ్యూలెట్ దాన్ని ఆర్ సీ ఆసిలేటర్‌కి తెచ్చి, చవకగా, నాబు తిప్పితే చాలన్నట్టు చేశాడు.

కిటుకు ఇది. టంగ్‌స్టన్ వేడెక్కితే రెసిస్టెన్స్ పెరుగుతుంది, చల్లగా ఉన్నప్పటికీ పూర్తిగా వెలిగినప్పటికీ దాదాపు పది రెట్ల తేడా. బల్బుని కింద 10 కె ఉన్న చోట పెట్టండి. అల పెరిగితే బల్బు వేడెక్కుతుంది, కింది రెసిస్టెన్స్ పెరుగుతుంది, గెయిన్ తగ్గుతుంది. అల తగ్గితే చల్లబడుతుంది, గెయిన్ పెరుగుతుంది. డయోడ్ చేసే పనే, కానీ బల్బుకి బద్ధకం ఎక్కువ. ఒక్కో సైకిల్‌ని అది పట్టించుకోదు, చాలా సైకిళ్ళ సగటు వేడి మీద నడుస్తుంది. వెయ్యి హెర్ట్జ్ దగ్గర ఒక సైకిల్ ఒక మిల్లీసెకను, అంతలో ఫిలమెంట్ వేడెక్కీ చల్లారీ అయ్యే ప్రసక్తే లేదు. కాబట్టి ఒక సైకిల్ లోపల అది మామూలు రెసిస్టరే, వంకర లేదు. అయ్యవారి ఊపు ఇదే.

బద్ధకానికీ హద్దుంది. ఇరవై హెర్ట్జ్‌కి దిగితే సైకిల్ యాభై మిల్లీసెకన్లు, అప్పుడు ఫిలమెంట్ ప్రతి పీకుకీ కాస్త వేడెక్కడం, సున్నా దగ్గర కాస్త చల్లారడం మొదలవుతుంది. పవర్ వోల్టేజ్ స్క్వేర్ కాబట్టి సైకిల్‌కి రెండుసార్లు వేడెక్కుతుంది, అంటే రెసిస్టెన్స్ రెట్టింపు ఫ్రీక్వెన్సీలో అల్లాడుతుంది. రెట్టింపు ఫ్రీక్వెన్సీ అల్లాట మూల ఫ్రీక్వెన్సీతో కలిస్తే వచ్చేది మూడో హార్మోనిక్. ఫ్రీక్వెన్సీ సగానికి దించినప్పుడల్లా ఇది సుమారు రెట్టింపు అవుతుంది.

బల్బు దొరకడం ఈమధ్య కష్టమైంది. ఒకప్పుడు గంగమ్మ జాతరకి కట్టే సీరియల్ సెట్లలో అన్నీ ఫిలమెంట్ బల్బులే, ఒక సెట్ కొంటే జీవితానికి సరిపడా ఆసిలేటర్లు. ఇప్పుడన్నీ ఎల్ఈడీలు, అవి దీనికి పనికిరావు. రిచీ స్ట్రీట్‌కి చెన్నై బస్సెక్కితే పాత ప్యానెల్ బల్బులు ఇప్పటికీ దొరుకుతాయి. తక్కువ కరెంట్ బల్బే తీసుకోండి. 28 వోల్టుల 40 మిల్లీఆంపుల బల్బుతో 430 ఓమ్ ఫీడ్‌బ్యాక్ వేస్తే బల్బు 215 ఓమ్ దగ్గర స్థిరపడుతుంది, మొత్తం లోడు 645 ఓమ్. టీఎల్072 దీన్ని మోయలేక ఆపసోపాలు పడుతుంది, ఎన్ఈ5532 అయితే మోస్తుంది. బల్బు వెలుగుతూ కనపడకూడదు, ఫిలమెంట్ వేడెక్కాలి గానీ ఎర్రబడక్కర్లేదు.

బల్బులో ఇంకో చిరాకు, నాబు తిప్పి ఫ్రీక్వెన్సీ మార్చిన ప్రతిసారీ అల ఎత్తు పైకీ కిందికీ ఊగి కుదురుకుంటుంది. ఎందుకంటే డబుల్ గ్యాంగ్ పాట్‌లో (ఒకే నాబుతో కలిసి తిరిగే రెండు వేరియబుల్ రెసిస్టర్లు) రెండు ట్రాకులూ ఎప్పుడూ ఒకేలా ఉండవు. రెండింటి మధ్య ఐదు శాతం తేడా వస్తే కావలసిన గెయిన్ మూడు కాదు, 3.05 అవుతుంది లేదా 2.95. ప్రతి కోణంలోనూ వేరే తేడా. అందుకే ఫ్రీక్వెన్సీ మార్చే ఆసిలేటర్‌కి ట్రిమ్‌పాట్‌తో గెయిన్ సెట్ చేసి వదిలేయడం కుదరదు, వెనకాల ఎవరో ఒకరు చూస్తూ సర్దుతూ ఉండాలి.

కొలిచి సర్దేది

ఆ "ఎవరో ఒకరు" పనిని సర్క్యూట్‌తోనే చేయిస్తే అది ఏజీసీ (ఆటోమేటిక్ గెయిన్ కంట్రోల్). ఔట్‌పుట్‌ని రెక్టిఫై చేసి (డీసీగా మార్చి) ఎత్తు కొలువు, ఒక రిఫరెన్స్‌తో పోల్చు, తేడాని ఇంటిగ్రేటర్‌లో కూడబెట్టు, ఆ వోల్టేజ్‌తో జేఫెట్ అనే ట్రాన్సిస్టర్ రెసిస్టెన్స్ మార్చు. మన కాలేజీ ల్యాబుల్లో తరతరాలుగా ఉన్న నాలుగు కాళ్ళ జేఫెట్ బీఎఫ్‌డబ్ల్యూ10 దీనికి బాగా సరిపోతుంది. చెప్పడానికి ఒక్క వాక్యం, కట్టేటప్పుడు మూడు చోట్ల చెయ్యి కాలుతుంది.

మొదటిది జేఫెట్. అది రెసిస్టరు లాగా ఉండేది డ్రెయిన్, సోర్స్ అనే రెండు కాళ్ళ మధ్య వోల్టేజ్ బాగా తక్కువగా ఉన్నంతసేపే. ఒక వోల్ట్ పెడితే రెండువైపులా వేరేవేరుగా వంగి రెండో హార్మోనిక్ పుట్టిస్తుంది. కాబట్టి 10 కె మొత్తాన్ని జేఫెట్‌కి ఇవ్వకండి. 9.1 కె మామూలు రెసిస్టరు వేసి, దాని కింద, గ్రౌండ్ వైపు, జేఫెట్ పెట్టండి. 3.3 వోల్టుల ఔట్‌పుట్‌కి ఈ రెండింటి మీదా కలిపి 1.1 వోల్ట్ ఉంటుంది, అందులో జేఫెట్ మీద పడేది పదో వంతు కూడా కాదు. ఆపైన ఇంకో చిట్కా: డ్రెయిన్ నుంచి గేట్‌కి (రెసిస్టెన్స్‌ని మార్చే కాలికి) ఒక పెద్ద రెసిస్టరు, కంట్రోల్ వోల్టేజ్ నుంచి గేట్‌కి అంతే ఇంకోటి, రెండూ 1 మెగా అనుకోండి. దీనివల్ల డ్రెయిన్ వోల్టేజ్‌లో సగం గేట్‌కి చేరుతుంది. జేఫెట్ సమీకరణంలో వంకరకి కారణమైన డ్రెయిన్ వోల్టేజ్ స్క్వేర్ పదం ఈ సగంతో సరిగ్గా కొట్టుకుపోతుంది. రెండు రెసిస్టర్లతో ఇంత లాభం వచ్చే చిట్కాలు ఎలక్ట్రానిక్స్‌లో తక్కువ.

రెండోది రిపుల్. రెక్టిఫయర్ నుంచి వచ్చేది నున్నటి డీసీ కాదు, దాని మీద అలల గుర్తులుంటాయి. ఆ రిపుల్ గేట్‌కి చేరితే గెయిన్ సైకిల్ సైకిల్‌కీ అల్లాడుతుంది, మళ్ళీ బల్బు కథే: రెట్టింపు ఫ్రీక్వెన్సీ రిపుల్ మూడో హార్మోనిక్ చేస్తుంది, సగం రెక్టిఫయర్ అయితే మూల ఫ్రీక్వెన్సీ రిపుల్ రెండో హార్మోనిక్ చేస్తుంది. అయితే పెద్ద కెపాసిటర్ వేసేద్దాం అంటారా? అక్కడే మూడో చోటు తగులుతుంది.

కెపాసిటర్ పెంచేకొద్దీ లూప్ మందగిస్తుంది. తిరుమల కాటేజీలో వేడినీళ్ళ కుళాయి తిప్పి, నీళ్ళు రాకపోయేసరికి ఇంకాస్త తిప్పి, ఒక్కసారిగా కాలి, మళ్ళీ మొత్తం ఆపేసి, చన్నీళ్ళు పోసుకున్న అనుభవం అందరికీ ఉంటుంది. ఆలస్యం ఉన్న చోట తొందరపడితే జరిగేది అదే. ఆసిలేటర్‌లో ఆలస్యం ఎక్కడుందో కొంచెం గమనించండి. గెయిన్ మూడుకి ఎంత ఎక్కువ ఉందన్నది అల ఎత్తుని నిర్ణయించదు, ఎత్తు పెరిగే వేగాన్ని నిర్ణయిస్తుంది. అంటే ఆసిలేటర్ స్వయంగా ఒక ఇంటిగ్రేటర్. దాని వెనక మనం ఇంకో ఇంటిగ్రేటర్ పెట్టాం. రెండు ఇంటిగ్రేటర్లు ఒక లూప్‌లో పెడితే ఏమవుతుంది? ఆసిలేటర్ అవుతుంది! వెయ్యి హెర్ట్జ్ అల ఎత్తు సెకనుకి రెండు మూడు సార్లు ఉబ్బుతూ తగ్గుతూ కనపడితే మీరు తెలియకుండానే రెండో ఆసిలేటర్ కట్టారన్నమాట. మందు చిన్నదే, ఇంటిగ్రేటర్ కెపాసిటర్‌తో సీరీస్‌లో ఒక రెసిస్టరు. అది తేడా కనపడగానే వెంటనే కొంత స్పందన ఇస్తుంది, మిగతాది కెపాసిటర్ నిదానంగా కూడబెడుతుంది. ఆ రెసిస్టరు మరీ ఎక్కువైతే రిపుల్ దాని గుండా గేట్‌కి దూకుతుంది. త్వరగా కుదురుకోవాలా, వంకర తక్కువ ఉండాలా అన్న బేరం ఎక్కడికెళ్ళినా వెంటాడుతుంది. బాగా డబ్బులు పెట్టిన పరికరాల్లో పీకు దగ్గర మాత్రమే శాంపిల్ తీసి పట్టి ఉంచుతారు, లేదా స్టేట్ వేరియబుల్ ఆసిలేటర్ కట్టి సైన్, కొసైన్ రెండూ తీసి రెండింటి స్క్వేర్లు కూడతారు. ఆ మొత్తం ఎప్పుడూ స్థిరం కాబట్టి రిపుల్ అనేదే రాదు, ఫిల్టర్ అక్కర్లేదు. వినడానికే అందంగా ఉంటుంది కదా.

ఒక హెచ్చరిక కూడా. రెక్టిఫయర్‌లో ఉత్త డయోడ్ వాడితే ఆ డిగ్రీకి 2 మిల్లీవోల్టుల బాధ దొడ్డిదారిన మళ్ళీ లోపలికొస్తుంది. ఆప్-ఆంప్ పెట్టి ప్రెసిషన్ రెక్టిఫయర్ చేయండి.

ఇవన్నీ చేశాక కూడా వంకర మిగిలితే తప్పు ఏజీసీది కాకపోవచ్చు. 741 ఆప్-ఆంప్ వాడితే దాని స్లూ రేటు (ఔట్‌పుట్ మారగల గరిష్ఠ వేగం) మైక్రోసెకనుకి అర వోల్ట్, పది వోల్టుల పీకుకి ఎనిమిది కిలోహెర్ట్జ్ దాటితే సైన్ త్రిభుజం వైపు నడుస్తుంది. ఎల్ఎమ్324 వాడితే సున్నా దాటే చోట చిన్న మెట్టు (క్రాసోవర్ వంకర) కనపడుతుంది, ఔట్‌పుట్ నుంచి మైనస్ సప్లైకి ఒక రెసిస్టరు వేస్తే చాలావరకు పోతుంది. ఫ్రీక్వెన్సీ కెపాసిటర్లుగా చవక సెరామిక్ వేస్తే వాటి విలువ వోల్టేజ్‌తో మారి అవే వంకర పుట్టిస్తాయి, పాలియెస్టర్ వేయండి, పాలీప్రొపిలీన్ దొరికితే ఇంకా మంచిది. ఇక మరీ లోతుకి వెళ్తే ఆప్-ఆంప్ రెండు ఇన్‌పుట్‌లూ ఔట్‌పుట్‌లో మూడో వంతు ఎత్తున కలిసి ఊగుతుంటాయి, ఆ కామన్ మోడ్ ఊపు కూడా వంకరే. హ్యూలెట్ సర్క్యూట్‌ని ఆప్-ఆంప్‌లతో మళ్ళీ కట్టి చూసిన జిమ్ విలియమ్స్ అనే అమెరికన్ ఇంజనీరు, జేఫెట్‌ని తీసేసి ఎల్ఈడీ, ఫోటోసెల్ పెట్టి, ఈ కామన్ మోడ్ ఊపుని కూడా అణిచి, డిస్టార్షన్‌ని 0.0003 శాతానికి దించాడు. మనకి అంత అక్కర్లేదు లెండి.

అంత తక్కువ కొలవడం ఎలా అని అడుగుతారేమో. కంటితో అయితే ఒక శాతం లోపల ఏదీ తెలియదు, స్కోప్‌లో అన్నీ అందమైన సైన్లే. ట్విన్-టీ నాచ్ (ఒక్క ఫ్రీక్వెన్సీని మాత్రం తీసేసే ఫిల్టర్) ఒకటి కట్టి మూల ఫ్రీక్వెన్సీని తీసేసి మిగిలిన తుక్కుని స్కోప్‌లో పెద్దది చేసి చూడండి. మామూలు ట్విన్-టీ రెండో హార్మోనిక్‌ని 9 డెసిబెల్స్, మూడోదాన్ని 5 డెసిబెల్స్ తగ్గించి చూపిస్తుంది, ఆ మేరకు కలుపుకోవాలి. ఆ తుక్కు ఆకారం జాతకం చెప్పినట్టు చెప్పేస్తుంది: సైకిల్‌కి మూడు ఊపులుంటే డయోడ్ లేదా రిపుల్, పీకు దగ్గర సూదులుంటే సప్లై గోడ, సున్నా దగ్గర సూదులుంటే క్రాసోవర్, అలతో సంబంధం లేకుండా పాకుతుంటే అది కరెంటు హమ్.

కుర్రాడికి మొదట 18 కె, 4.7 కె, ప్లస్ మైనస్ 12 చెప్పి పంపాను, కాలేజీ ప్రాజెక్టుకి అది చాలు. వాడు వినలేదు. రెండు వారాలు తల పగలగొట్టుకొని బీఎఫ్‌డబ్ల్యూ10తో ఏజీసీ కట్టుకొని మళ్ళీ మధ్యాహ్నం రెండింటికే వచ్చాడు, కావాలనే. పొద్దున 3.30, రేకుల కింద 3.29. గర్వంగా నాబు తిప్పాడు, అల ఉబ్బింది, కుంగింది, ఉబ్బింది, ఐదారు సార్లు ఊగి గానీ కుదురుకోలేదు.

"ఇదేందన్నా ఇట్లా?"

ఇంటిగ్రేటర్ కెపాసిటర్‌తో సీరీస్‌లో ఎంత వేశావురా అని అడిగాను. 4.7 కె అన్నాడు. డబ్బాలోంచి 47 కె తీసిచ్చాను.